సందు చుక్కల ముగ్గు ఎస్‌విజీలో: మూడో వారం

అనుకున్నది చిన్న పనే. ఎస్‌విజీతో, అంటే బ్రౌజర్‌లో ట్యాగులతో బొమ్మలు గీసే పద్ధతితో, ఫోన్‌లో చుక్కలు కనపడాలి, ఒక చుక్క మీద వేలు పెట్టి ఇంకో చుక్క దాకా లాగితే గీత పడాలి. అమ్మ నోటుపుస్తకంలో ముగ్గులన్నీ సంక్రాంతిలోపు దీంట్లోకి ఎక్కించాలని ఆశ.

మొదటి వారం చుక్కల లెక్కకే సరిపోయింది. పుస్తకంలో ముగ్గు పక్కన ‘15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క’ అని ఉంటుంది. ప్రోగ్రాము రాసేవాడికి ఇంత పొదుపుగా వివరం చెప్పేవాళ్లు ఆఫీసులో కూడా దొరకరు. నడిమి వరుసలో 15, పైకీ కిందికీ ఒక్కొక్కటే తగ్గుతూ 8. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. చుక్కకీ చుక్కకీ ఎడం 40 యూనిట్లు. సందు చుక్క కాబట్టి వరుస వరుసకీ 20 పక్కకి జరగాలి. వరుసల మధ్య కూడా 40 పెట్టేసరికి ముగ్గు నిలువునా సాగిపోయింది. పక్కపక్క చుక్కలు మూడూ సమబాహు త్రిభుజం కావాలి కాబట్టి అక్కడ కావాల్సింది 40ని 0.866తో గుణిస్తే వచ్చే 34.64. అంచులకి 20 వదిలితే వ్యూబాక్స్, అంటే బొమ్మ సొంత కొలతల చట్రం, 600 బై 525కి వచ్చింది.

తర్వాత ఒక సాయంత్రమంతా తెర ఖాళీ. పేజీ లోపలి ట్యాగులు చూపించే ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే 169 సర్కిళ్లూ ఉన్నాయి, కంటికి ఒక్కటీ లేదు! పేజీలో కొత్త ట్యాగు పుట్టించడానికి క్రియేట్‌ఎలిమెంట్ వాడటమే తప్పు. దాంతో పుట్టిన సర్కిల్‌ని బ్రౌజర్ ఏదో తెలియని హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగు అనుకుంటుంది, గీయదు. క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ వాడి ఎస్‌విజీ నేమ్‌స్పేస్ (ట్యాగు ఏ భాషదో చెప్పే గుర్తు) ఇస్తేనే అది నిజమైన సర్కిల్.

చుక్కలు వచ్చాయి గానీ వేలికి అందవు. నా ఫోన్ వెడల్పు 360 పిక్సెళ్లు, అంటే 40 యూనిట్ల ఎడం 24 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. అందుకని ప్రతి చుక్క మీదా కనపడని పెద్ద వలయం ఒకటి వేశాను, వ్యాసార్థం 20. ఏ పక్క చుక్కైనా సరిగ్గా 40 దూరంలోనే ఉంటుంది కాబట్టి వలయాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు. లోపల రంగు వద్దని ఫిల్ నన్ అని పెడితే లోపల తాకినా ఈవెంట్, అంటే తాకినట్టు కబురు, రాదు. తాకిడి ఎక్కడ పట్టాలో చెప్పే పాయింటర్-ఈవెంట్స్‌ని ఆల్ చేశాక వచ్చింది.

గీతలు పడ్డాక ఇంకో తంటా. ఒక గీత వేశాక దాని కింది చుక్కని పట్టుకోబోతే వేలికి గీతే తగులుతోంది. ఏది పైన ఉండాలో చెప్పే జెడ్-ఇండెక్స్ ఎస్‌విజీ లోపలి బొమ్మలకి చెల్లదు, ఫైల్లో ముందున్నది కింద, వెనకున్నది పైన. రెండు గ్రూపులు పెట్టి, గీతల గ్రూపుని చుక్కల గ్రూపుకి ముందు ఉంచాను.

వేలి వెంట వచ్చే తాత్కాలిక గీత ల్యాప్‌టాప్‌లో బాగుంది, ఫోన్‌లో వేలికి దూరంగా పారిపోయింది. ల్యాప్‌టాప్‌లో బొమ్మ వెడల్పు సరిగ్గా 600 పిక్సెళ్లు, అదీ పేజీ మూలనే, కాబట్టి తప్పు బయటపడలేదు. వేలు ఎక్కడుందో క్లయింట్‌ఎక్స్ పిక్సెళ్లలో చెబుతుంది, నాకు కావాల్సింది వ్యూబాక్స్ యూనిట్లు. యూనిట్లని పిక్సెళ్లుగా మార్చడానికి గెట్‌స్క్రీన్‌సీటీఎమ్ ఇచ్చే మాత్రికని తిరగేసి బిందువుని దాంతో మారిస్తే కుదిరింది.

అన్నిటికంటే ఎక్కువ సతాయించింది మాత్రం గీత ముగింపు. మౌస్‌తో ఏ చుక్క దగ్గర వదిలితే అక్కడికి గీత పడుతోంది. వేలితో లాగితే బయల్దేరిన చుక్కకే తిరిగొచ్చి సున్నా పొడవు గీత అవుతోంది. రెండు రాత్రులు నా లెక్కలనే అనుమానించాను. తీరా చూస్తే స్పర్శ విషయంలో బ్రౌజర్ తీరే వేరు. వేలు మొదట ఏ ఎలిమెంటు మీద పడిందో, ఎత్తేదాకా ఈవెంట్లన్నీ దానికే కట్టేస్తుంది. మౌస్‌కి ఈ కట్టు లేదు. వేలు ఆనగానే వచ్చే పాయింటర్‌డౌన్‌లోనే రిలీజ్‌పాయింటర్‌క్యాప్చర్ పిలిచి కట్టు విప్పాను. దాంతోపాటు టచ్-యాక్షన్ నన్ కూడా పెట్టాలి. లేకపోతే లాగుతుండగానే పేజీ జరిగి, పాయింటర్‌క్యాన్సిల్ వచ్చి, గీత సగంలో తెగుతుంది.

నిన్న భద్రపరిచే మీట పెట్టాను. అవుటర్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌ని, అంటే బొమ్మ ట్యాగుల రాతని, అలాగే ఫైల్లోకి రాస్తే బొమ్మ బదులు ట్యాగుల చెట్టు తెరుచుకుంది, నేమ్‌స్పేస్ రాలేదు మరి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌సీరియలైజర్ వాడితే వచ్చింది. కానీ రంగులన్నీ పేజీ స్టైల్‌షీట్‌లో ఉండిపోవడంతో చుక్కలు నల్లగా, గీతలు మాయం. స్ట్రోక్ (గీత రంగు), ఫిల్ రెండూ ఎలిమెంట్ల మీదే రాశాను. ఇక అయిపోయిందనుకుని, తెరిచి కూడా చూడకుండా అమ్మకి పంపాను.

“కళ్లాపి చల్లకుండా ముగ్గేశావేంట్రా?” అంది.

తెల్ల నేల మీద తెల్ల గీతలు వెళ్లాయి. నేల రంగు కూడా స్టైల్‌షీట్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు అన్నిటికంటే ముందు ఒక రెక్ట్ (దీర్ఘచతురస్రం) వేసి పేడనీళ్ల రంగు నింపాను. మెలికల ముగ్గు ఇంకా ముట్టుకోలేదు. దానికి గీత చుక్క చుట్టూ తిరగాలి కాబట్టి తిన్నని గీతలే గీసే లైన్ చాలదు, వంపులు తిరిగే పాత్ కావాలి. ఆదివారం కూర్చుంటాను.