వంద కిలోమీటర్లు తొక్కేశాను!

మొన్న ఆదివారం సైకిల్ మీద వంద కిలోమీటర్లు పూర్తి చేశాను. ఒక్క రోజులో, ఒడిశాలో మా బరంపురం నుంచి చిలికా ఒడ్డునున్న రంభ దాకా వెళ్ళి మళ్ళీ బరంపురం. అప్పటి నుంచీ ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతున్నాను, అయినా తనివి తీరడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నలభై దాటాక సైకిల్ కొనుక్కున్నదాన్ని, పోయిన వానాకాలం దాకా కూరగాయల బజారుకి కూడా ఆటోలో వెళ్ళినదాన్ని, నా కాళ్ళతో చిలికా సరస్సు చూసి వచ్చాను. ఇంత సంతోషం లోపల దాచుకోవడం నావల్ల కాదు.

చిన్నప్పుడు స్కూలుకి సైకిల్ మీదే వెళ్ళేదాన్ని. తరవాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు, మధ్యలో ఆ అలవాటు ఎప్పుడు పోయిందో కూడా గుర్తు లేదు. మళ్ళీ మొదలుపెట్టింది గోపాల్‌పూర్ రోడ్డు మీద. మా ఇంటి నుంచి సముద్రం సుమారు 15 కిలోమీటర్లు, తెల్లవారకముందు బయల్దేరితే స్కూలు టైముకి ఇల్లు చేరుకోవచ్చు. మొదట్లో సగం దారిలోనే వెనక్కి తిరిగేదాన్ని, మోకాళ్ళు నొప్పెట్టేవి. సైకిల్ షాపు కుర్రాడు ఒకసారి నేను తొక్కడం చూసి "అక్కా, సీటు పైకెత్తుదాం, మీరు మోకాళ్ళు మరీ ముడుచుకుని తొక్కుతున్నారు" అన్నాడు. మడమని పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి, అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది. అదీ కొలత. ఆ పూట నుంచే నొప్పి తగ్గుముఖం పట్టింది. కొత్తగా కొనుక్కున్నవాళ్ళు ఎవరడిగినా నేను మొట్టమొదట చెప్పేది ఇదే, గేర్లూ బ్రాండూ తరవాత సంగతి.

రంభే ఎందుకంటే, మా అమ్మావాళ్ళ మాటల్లో రంభ అంటే రైలెక్కి వెళ్ళే ఊరు. పిక్నిక్‌కి అన్నం మూటలు కట్టుకుని వెళ్ళిన ఊరు. అలాంటి చోటికి సైకిల్ మీద వెళ్ళాలని సైకిల్ కొన్న వారం నుంచే మనసులో ఉంది. బరంపురం నుంచి ఛత్రపూర్, గంజాం, హుమ్మా మీదుగా రానూ పోనూ లెక్క వేస్తే వందకి కాస్త తక్కువ పడుతోంది. ఆ కాస్తా ఎక్కడో ఒకచోట కలుపుకోవచ్చనుకున్నాను.

నాలుగున్నరకి చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరాను. వెనక ఎర్ర లైటు, మీద మెరిసే జాకెట్, హెల్మెట్, బ్యాగులో ట్యూబు, చిన్న పంపు, పల్లీ చిక్కీ, అరటిపళ్ళు. ట్యూబు మార్చడం ముందే ఇంటి వరండాలో కూర్చుని నేర్చుకున్నాను, హైవే మీద ఎవరో వచ్చి సాయం చేస్తారని నమ్ముకుని అంత దూరం వెళ్ళకూడదు. చెన్నై–కోల్‌కతా లారీలన్నీ తిరిగే 16వ నంబరు జాతీయ రహదారి అది, తెల్ల గీతకి ఎడమ పక్కన ఉండే అంచు వదలకూడదు, కళ్ళు మాత్రం ఎప్పుడూ రోడ్డు మీదే ఉండాలి, ఎందుకంటే గాజు పెంకులన్నీ పోగయ్యేది కూడా ఆ అంచులోనే.

ఛత్రపూర్ వచ్చేసరికి మసక వెలుతురు. గంజాం దగ్గర ఋషికుల్య వంతెన మీదికి వచ్చేటప్పటికి పొద్దు పొడిచింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టేది ఈ నది సముద్రంలో కలిసే చోటే, కొన్నేళ్ళు అసలు రావు కూడా. వంతెన దాటి నీళ్ళు తాగుతూ ఇంటికి ఫోన్‌లో మాట్లాడుతుంటే, చేపల తట్ట పక్కన పెట్టుకుని ఆటో కోసం చూస్తున్న ఒకావిడ నా తెలుగు విని "ఏ ఊరమ్మా మీది?" అంది. బరంపురం అన్నాను. "ఇదేటి, సైకిలు మీదొచ్చీసినావా? ఒక్కదానివే?" అని తట్ట అక్కడే వదిలి దగ్గరికి వచ్చి హ్యాండిల్ పట్టుకుని చూసింది, బ్రేకు నొక్కి చూసింది, గేరు తీగ వేలితో తడిమి ఇది దేనికని అడిగింది. ఈ తీరంలో చాలా బెస్తపేటల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కదా. ఆవిడ "జాగ్రత్తగా ఎల్లిరామ్మా" అంటే నాకు సొంత పిన్ని సాగనంపినట్టే ఉంది.

హుమ్మా దగ్గర ఉప్పు మడులు. నాకు ఈ దారి మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇది. బస్సులో వెళ్ళేటప్పుడు తెల్లగా ఏదో మెరిసి వెనక్కి పోతుంది అంతే, సైకిల్ మీద వెళ్తే ఒక్కొక్క మడీ కనిపిస్తుంది. ఒక మడిలో నీళ్ళు ఇంకా బురద రంగులో ఉంటాయి, పక్కదానిలో గట్టు వెంబడి సన్నటి పొర కట్టడం మొదలై ఉంటుంది, ఆ పక్కదానిలో ఇద్దరు మనుషులు పొడుగు కర్రకి బిగించిన చెక్కతో ఉప్పుని గట్టు మీదికి లాగుతుంటారు, లాగినప్పుడల్లా కంకర మీద పార ఈడ్చిన చప్పుడు. ఆగి చూశాను. ఆగకూడదని ఎవరు చెప్పారు? యాప్‌లో సగటు వేగం పడిపోతుందని ఆగకుండా పోయేవాళ్ళున్నారు, వాళ్ళిష్టం, నాకు మాత్రం ఆ మడులు చూడని వంద కిలోమీటర్లు వద్దు.

ఆ తరవాత కొండలు రోడ్డుకి దగ్గరగా జరుగుతాయి, రైలు పట్టాలు కూడా పక్కనే వస్తాయి. రంభలో చిలికా కనబడగానే గట్టిగా కేక పెట్టాను, పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు, చూడనీ. బరా (మినప గారెలు), ఘుగ్నీ (బఠాణీల కూర) తిని, పడవల దగ్గర కాసేపు కూర్చున్నాను. నీళ్ళలో దూరంగా బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, చలికాలపు పక్షులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

తిండి గురించి ఒక మాట. గట్టిగా తొక్కితే ఒంట్లో నిలవున్న గ్లైకోజెన్, అంటే కండరాలు వాడుకునే చక్కెర నిలవ, సుమారు రెండు గంటల్లో అడుగంటుతుంది, అది అయిపోయాక కాళ్ళు కదలవు, కళ్ళు తిరుగుతాయి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలంటారు, ఒక మాదిరి అరటిపండులో పాతిక దాకా ఉంటుంది. నేను ఆకలితో పని లేకుండా ఫోన్‌లో అలారం పెట్టుకుని తిన్నాను. చిక్కీ ముక్క, సగం పండు, ఓఆర్‌ఎస్ రెండు గుక్కలు, మళ్ళీ అదే. చివరిదాకా నీరసం దరిచేరలేదు.

అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో. పది దాటితే నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది, ఎండాకాలం దగ్గరపడేకొద్దీ దక్షిణపు గాలి బలం పుంజుకుంటుంది, రంభ నుంచి బరంపురం రావడమంటే ఆ గాలికి ఎదురు రావడమే. పొద్దున్న హాయిగా ఇరవై వేగంతో పోయినదాన్ని పన్నెండుకి, పదకొండుకి పడిపోయాను. ఎదురుగాలిలో బలం కొద్దీ తొక్కితే లాభం లేదు, మనకి తగిలే గాలి వేగం రెట్టింపైతే అది అడ్డుకునే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే గేరు తగ్గించి, మోచేతులు మడిచి, తల కొంచెం వంచి, కాళ్ళు తేలిగ్గా తిరిగేలా చూసుకున్నాను. మీటరు చూడటం మానేశాను. వచ్చే చెట్టు దాకా, ఆ తరవాత వచ్చే ధాబా దాకా. ఋషికుల్య వంతెన మీద గాలి సైకిల్‌ని పక్కకి నెడుతుంటే ఏడుపొచ్చినంత పనైంది, కానీ ఆగిపోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. నాలో ఇంత పట్టుదల ఉందని నాకే తెలియదు. ఆ గంట సేపు నా గురించి నేను తెలుసుకున్నది ఇన్నేళ్ళలో తెలుసుకోలేదు.

ఊరి దగ్గరికి వచ్చేసరికి వందకి ఇంకా నాలుగు తక్కువ. ఇంటి వైపు తిరగకుండా గోపాల్‌పూర్ రోడ్డు ఎక్కాను. రెండు వెళ్ళి, రెండు వెనక్కి. తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిది, తొమ్మిది, ఆ తరవాత మూడంకెలు! రోడ్డు పక్కన జీడిమామిడి చెట్టు కింద దిగి, సైకిల్ ఫోటో, మీటరు ఫోటో, నా ఫోటో, అన్నీ తీసుకున్నాను.

అమ్మకి వీడియో కాల్ చేస్తే "ఏటే, రంభ దాకా తొక్కీసినావా?" అని నోటి మీద చెయ్యేసుకుని, వెంటనే నాన్నగారిని పిలిచి ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఏం మాట్లాడకుండా మీటరు ఫోటో మూడుసార్లు పంపించుకున్నారు, బంధువుల గ్రూపులో పెట్టడానికి. సాయంత్రం మా ఆయన, పిల్లలు కలిసి కేకు తెచ్చారు, మీద క్రీముతో 100 అని రాయించారు. ఆ సున్నా నేనే కోసుకుని తిన్నాను.

ఎండలు ముదిరేలోపు వేడినీటి బుగ్గలుండే తప్తపాణి వెళ్ళాలని ఉంది. అది కూడా ఇంచుమించు ఇదే దూరం, కాకపోతే చివర్లో ఘాట్ రోడ్డు ఎక్కాలి, నాకు ఎక్కుడు అలవాటు లేదు. ఈ వారం నుంచి పొద్దున్నే ఫ్లైఓవర్ల మీద ఎక్కడం, దిగడం మొదలుపెట్టాను. అది కూడా అయితే ఆడాక్స్ (దూరప్రయాణపు సైకిల్ రైడ్‌లు నడిపే సంస్థ) వాళ్ళ 200 కిలోమీటర్ల రైడ్‌కి పేరిస్తాను, దానికి పదమూడున్నర గంటల టైమిస్తారు.