తోడేలుగా మారడం తేలికే, మళ్లీ మనిషయ్యాకే అసలు కథ

నిన్న రాత్రి స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆటలో బందిపోట్ల కోట ఒకటి తోడేలు రూపంలోనే ఊడ్చిపారేశాను. గేటు దగ్గర మొదలుపెట్టి వాళ్ల నాయకుడి దాకా, మధ్యలో ఒక్కసారి కూడా మనిషిని కాలేదు. ఆ ఊపు తగ్గకముందే ఇది రాస్తున్నాను, ముఖ్యంగా మా బావ చదవాలని.

ఆట 2011లో వచ్చిందే. నా ల్యాప్‌టాప్ అంతకంటే కొత్తది లాగలేదు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వాయుగుండం పడిందంటే కొబ్బరి మట్టలు తీగల మీద పడతాయి, కరెంటు పోతుంది, కరెంటాఫీసులో ఫోనెత్తే నాథుడుండడు. అందుకే నా మొదటి సలహా తోడేళ్ల గురించి కాదు. బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్‌తో ఆడేవాళ్లు ప్రతి తలుపు దగ్గరా సేవ్ చేసుకోండి.

తోడేలు కావడానికి పెద్ద శ్రమేమీ లేదు. వైట్‌రన్ అనే ఊళ్లో కంపానియన్స్ అనే యోధుల దండులో చేరి వాళ్లు చెప్పిన చిల్లర పనులు చేయాలి. ఒక సమాధి గుహలో ఆ దండులోని ఫార్కస్ మన కళ్లముందే తోడేలైపోతాడు. తర్వాత కొలిమి కింద రహస్య గదిలో ఏలా అనే యోధురాలి రక్తం తాగమంటారు. వద్దంటే వాళ్ల కథ ముందుకు కదలదు. తాగేశాను.

ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. ఆ తర్వాతిదే ఎవరూ చెప్పరు. వీడియోలు చేసేవాళ్లు అరుపు చూపిస్తారు, పంజా దెబ్బకి మనుషులు ఎగిరిపడటం చూపిస్తారు, అక్కడితో కట్ చేసి లైక్ కొట్టమంటారు. రూపం దిగిపోయాక ఏమవుతుందో చూపించిన పుణ్యాత్ముడు ఒక్కడూ నాకు తగల్లేదు.

నాగుల చవితికి భీమవరం నుంచి మా బావ, వాడి స్నేహితులు వచ్చారు. పుట్టలో పాలు పోసి వచ్చి అందరూ నా వెనక మంచం మీద కూర్చున్నారు. కోట ముందు తోడేలయ్యాను. కవచం, కత్తి, డాలు అన్నీ వాటంతటవే ఒంటి మీంచి పోయి సంచిలోకి చేరాయి. గేటు దగ్గరున్నవాళ్లని చీల్చేశాను. బావ ఈల వేశాడు. మెట్లెక్కి గోడ మీదికి పోయాను, అక్కడ విల్లు పట్టుకున్నవాడు పోయాడు. నాయకుడు రెండు చేతుల గొడ్డలి ఎత్తుకుని ఎదురొచ్చాడు. సరిగ్గా అప్పుడే తెర మసకబారింది.

ఈ రూపం ఉండేది 150 సెకన్లు. ఎంత మిగిలిందో తెర మీద ఎక్కడా కనిపించదు. అయిపోయిందంటే మళ్లీ మనిషైపోతాం, కానీ కవచం దానంతటది తిరిగి రాదు. మారుతున్న ఆ రెండు క్షణాలు బటన్లేవీ పనిచేయవు. నా వీరుడు గోచీ గుడ్డతో, ఖాళీ చేతులతో, కోట గోడ మీద నిలబడ్డాడు. నాయకుడు గొడ్డలి ఎత్తాడు. ఒక్కటే దెబ్బ.

"దండెం మీద బట్టలు మర్చిపోయినట్టున్నావురా" అన్నాడు బావ. మంచం మీద ఒకడు నవ్వి నవ్వి కిందపడ్డాడు. అంతటితో ఆగితే బావెందుకవుతాడు? ఊరంతా చెప్పాడు. మర్నాడు పిన్ని ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "బట్టలేసుకున్నావా నాన్నా?"

బావ వెళ్లాక పట్టుదలగా కూర్చున్నాను. తోడేలుగా ఉన్నంతసేపు మందులు తాగలేం, సంచి తెరవలేం, కింద పడ్డ డబ్బు తీసుకోలేం, ఎవరితోనూ మాట్లాడలేం. తగ్గిన ప్రాణం దానంతటది పెరగదు. అన్నిటికీ ఒకటే మార్గం, చచ్చినవాణ్ణి తినడం. ఒక్కో శవానికి 30 సెకన్లు కలుస్తాయి, 50 ప్రాణం వస్తుంది. ఒక శవాన్ని ఒక్కసారే తినగలం. తింటున్నప్పుడు వంగి కూర్చుంటుంది కాబట్టి పక్కన ఒక్కడు మిగిలినా వీపు మీద దెబ్బలు తప్పవు. అందుకని చంపగానే తినేయకండి. చుట్టూ ఖాళీ అయ్యాక తినండి, ఒకటో రెండో వెనక్కి మిగుల్చుకోండి.

ఇది సాధన చేస్తున్నది కార్తీక సోమవారం. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రాదు. ఉపవాసం ఉన్న అమ్మమ్మ కాఫీ ఇవ్వడానికి వచ్చి తెర వైపు చూసింది.

"అదేం తింటోందిరా?"

"శవాన్ని, అమ్మమ్మా."

"శివ శివా! దాన్ని ఆడిస్తున్నది నువ్వేనా?"

కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే వెనక్కి వెళ్లిపోయింది. పరీక్ష ఫీజు ఎగ్గొట్టినా ఇంత కోపం చేసేది కాదు.

డాన్‌గార్డ్ అనే అదనపు భాగం ఉంటే ఈ తిండికి ఇంకో లాభం ఉంది. తిన్నకొద్దీ తోడేలుకి ప్రత్యేకంగా శక్తులు వస్తాయి, మొత్తం 11. తోడేలుగా ఉన్నప్పుడే ఆ పట్టిక తెరుచుకుంటుంది. పంజా బలం నాలుగు మెట్లలో రెట్టింపు దాకా పెంచుకోవచ్చు. అందరూ దాని వెంట పడతారు. నా మాట వినేవాళ్లు వీలైనంత త్వరగా గార్జింగ్ తీసుకోండి, శవానికి 100 ప్రాణం వస్తుంది. ఆ తర్వాత సావేజ్ ఫీడింగ్. అది లేనంతవరకు మనుషుల శవాలే పనికొస్తాయి, మృగాలని చంపినా కడుపు నిండదు. అది వచ్చాక మృగాలనీ తినొచ్చు, కాకపోతే సగమే లాభం.

ఊళ్లో మాత్రం మారకండి. మారుతుండగా ఒక్కడు చూసినా మన తల మీద 1000 బంగారు నాణేల వెల పడుతుంది. ఎవరూ చూడని చాటున మారి ఎంత అల్లరి చేసినా ఆ నేరం మనకి చుట్టుకోదు. మన పురాణాల్లో రాక్షసులు బంగారు లేడిగానో సన్యాసిగానో చాటున మారి వచ్చేది ఊరికే కాదన్నమాట.

బట్టల సంగతి. కవచం, కత్తి ఫేవరెట్స్‌లో పెట్టుకోండి. మనిషి కాగానే ఆ జాబితా తెరిస్తే ఆట ఆగిపోతుంది, నింపాదిగా తొడుక్కోవచ్చు. రూపం దిగేలోపు ఏ తలుపు చాటుకో చేరితే చాలు. నిన్న నాకు ఆ అవసరం కూడా రాలేదు. నాయకుడు పడ్డాక కూడా గోడ కింద తినని శవాలు మిగిలాయి. వీడియో తీసి బావకి పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.

మామూలుగా ఈ రూపం రోజుకి ఒక్కసారే. హిర్సీన్ ఉంగరం ఉంటే ఆ లెక్క ఉండదు. ఫాల్క్రీత్ అనే ఊరి జైల్లో సిండింగ్ అనేవాడి దగ్గర దొరుకుతుంది, కానీ మొదట శాపంతో వస్తుంది. తీద్దామన్నా వేలి నుంచి రాదు, ఎప్పుడు పడితే అప్పుడు తోడేలైపోతాం. సిండింగ్‌ని చంపకుండా వదిలేస్తేనే శాపం పోయి ఉంగరం మనదవుతుంది. ఈ రాత్రి కరెంటుంటే అక్కడికే.