వేలంలో అమ్మేవారి కోసం చెల్లింపు సేవల పోటీ

ఆన్‌లైన్ వేలంలో పాత తపాలా బిళ్లలు అమ్మే నాకు, చెల్లింపు సేవల రుసుముల పట్టిక చూసినప్పుడల్లా ఆన్‌లైన్ వేలం వేదిక ఈబే, చెల్లింపు సేవ పేపాల్‌ల పాత పోటీ గుర్తుకు వస్తుంది. 1999లో బిల్‌పాయింట్ అనే చెల్లింపు సంస్థను కొని ఈబే దానినే తన అధికారిక సేవగా నిలబెట్టాలని చూసినా, కొత్తగా చేరినవారికీ వారిని చేర్పించినవారికీ నగదు బహుమతి ఇస్తూ, ఈమెయిల్ చిరునామా ఉంటే చాలు డబ్బు పంపే వీలు కల్పించిన పేపాల్ వైపే అమ్మకందారులు మొగ్గారు. చివరకు 2002లో ఈబే దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి ఆ ప్రత్యర్థినే కొనుక్కుంది. సొంత వేదికపై సొంత సేవ ఓడిపోవడం నాకైతే కాస్త వినోదంగానే తోస్తుంది. 2006లో వచ్చిన గూగుల్ చెకౌట్ అనే చెల్లింపు సేవను మాత్రం ఈబే తన వేదికపై అనుమతించలేదు.

పేపాల్ 2015లో ఈబే నుంచి విడిపోయింది. 2018లో ఈబే అడ్యెన్ అనే చెల్లింపు సంస్థను ప్రధాన భాగస్వామిగా ప్రకటించి, క్రమంగా చెల్లింపులను తన చేతుల్లోకే తీసుకుంది కాబట్టి, అక్కడ అమ్మేవారికి ఎంపిక దాదాపు లేకుండా పోయింది. ఎంపిక మిగిలిన చోట్ల నేను ప్రకటనల్లోని శాతాన్ని కాక, తక్కువ ధర సరుకుపై లాభాన్ని మింగేసే స్థిర రుసుమునూ, వివాదం వస్తే సొమ్మును ఎన్నాళ్లు నిలిపివేస్తారన్న నిబంధననూ ముందుగా చదువుతాను.