కృపా, క్రియలా?

"అంత సేవ చేసిన మనిషి, ఆవిడ పరలోకానికి పోకపోతే ఇంకెవరు పోతారు" అని పిన్ని అన్నదో లేదో, పక్కన బాబాయి బైబిల్లో ఎఫెసీయులకు 2:8-9 ఎత్తుకున్నాడు, రక్షణ మనం చేసే క్రియల వల్ల కాదమ్మా, దేవుడు ఊరికే ఇచ్చే కృప వల్లే అని. పిన్ని ఊరుకుంటుందా, యాకోబు 2:24 చదవండి, విశ్వాసం ఒక్కటే కాదు, క్రియల వల్ల కూడా మనిషి నీతిమంతుడని ఉంది అంది. మా వాళ్లలో ఒకావిడ పోతే పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక భోజనాల దగ్గర ఇదంతా.

పోయినావిడ బైబిల్ అక్కడే టేబుల్ మీద ఉంది. తెరిస్తే పేజీల మధ్య మందుల చీటీలు, ఒక్కటీ ఆవిడ పేరు మీద లేదు, అన్నీ వీధిలో వాళ్లవే.

ఆ చీటీలు చూపించి పరలోకంలో సీటు అడిగే మనిషి కాదు ఆవిడ, అది నాకు బాగా తెలుసు. సిలువ మీద దొంగకి మంచి పని చేసే టైమే లేదు, అయినా యేసు పరదైసు, అంటే పరలోకం, ఇచ్చాడు కదా. కానీ మనం ఎఫెసీయుల్లో 9 దగ్గర ఆపేస్తాం, 10లో సత్క్రియలు చెయ్యడానికే దేవుడు మనల్ని సృష్టించాడని ఉంది, అదెవరూ చదవరు, నాకు బాధ అక్కడే.

క్రియల మాట ఎత్తే యాకోబు పత్రికని గడ్డితో పోల్చిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా అదే 1522లో రోమా పత్రికకి రాసిన ముందుమాటలో నిజమైన విశ్వాసం మంచి చెయ్యకుండా ఉండలేదనే అన్నాడు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కేథలిక్కులు కలిసి సంతకం పెట్టిన ప్రకటనలోనూ అంతే, రక్షణ కృప వల్లే, సత్క్రియలు దాని ఫలాలు. ఇది సండేస్కూల్లో పిల్లలకి చెప్పాలి, ఈ ఆదివారం పాస్టర్ గారిని అడుగుతా.