మా మేడ మీద తూలా సమోవార్: మూడు నెలల పని

జనవరి 12

పాత సామాన్ల కొట్టులో ఇత్తడి బిందెల వెనక దొరికింది ఈ సమోవార్, అంటే రష్యన్లు టీకి నీళ్ళు మరిగించుకునే పాత్ర. మసిబారి ఉంది. ఒక పిడి లేదు, మూత మీది చెక్క గుబ్బలు రెండూ విరిగిపోయాయి. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో విశాఖలో ఉన్న సోవియట్ ఇంజినీరు ఎవరో తిరిగి వెళ్తూ అమ్మేశాడని కొట్టాయన చెప్పాడు. ఇలాంటి కథ ఒకటి తగిలిస్తే రేటు పెరుగుతుంది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. 9,000 అన్నాడు, 6,500కి ఇచ్చాడు.

ఎత్తు 46 సెంటీమీటర్లు. లగేజీ తూచే కాటాకి తగిలిస్తే 4.6 కిలోలు. లీటరు మగ్గుతో పోస్తే ఐదు లీటర్లు పట్టింది. బరువు సంగతి ఎందుకంటే, రష్యాలో ఇవి తయారయ్యే తూలా ఊళ్ళో వీటిని ఒకప్పుడు తూకం మీద అమ్మేవారు, మన బిందెలు అమ్మినట్టే. వాళ్ళ ఫూంట్ అంటే సుమారు 410 గ్రాములు, నలభై ఫూంట్లయితే ఒక పూద్. ఆ లెక్కన నాది పదకొండు ఫూంట్ల పైచిలుకు.

ఇంటికి తేగానే అమ్మ చూసి, "మన స్నానాల బాయిలర్‌ని చిన్నది చేసినట్టుంది, దీనికి అంత డబ్బు పోశావా?" అంది. ఆవిడ మొదటి ముక్క అక్షరాలా నిజం. మధ్యలో గొట్టం, గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద రాలడానికి చిల్లుల పళ్ళెం, పక్కన కొళాయి. రాగి బాయిలర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి సమోవార్ ఎలా పనిచేస్తుందో విడిగా చెప్పక్కర్లేదు. పేరుకి అర్థం కూడా అంతే, తనంతట తానే మరిగేది అని.

జనవరి 26

తప్పుతో మొదలుపెట్టాను. మసి కింద తెల్లగా ఏదో కనిపిస్తే మురికి అనుకుని ఒక పక్కంతా అంట్లు తోమే పొడితో గట్టిగా రుద్దాను. అది మురికి కాదు, నికెల్ పూత. ఇత్తడి సమోవార్లకి పైన నికెల్ వేయడం 19వ శతాబ్దం చివర్లో బాగా వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఆ పక్క పసుపు మచ్చలు తేలి, చొక్కాకి మాసికలు వేసినట్టుంది. మళ్ళీ నికెల్ వేయిస్తే కొత్త స్టీలు సామానులా మెరుస్తుందని అలాగే వదిలేశాను. ఎవరైనా ఇలాంటిది కొంటే ముందు గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ. ఏది రుద్దాలన్నా అడుగుభాగంలో ఎవరూ చూడని చోట ముందు రుద్ది చూడండి.

రెండో తప్పు మూత మీద. దానికి నికెల్ పూర్తిగా పోయి ఉత్త ఇత్తడే మిగిలింది కదా అని చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి అక్కడక్కడ గులాబీరంగు తేలింది. పులుపులో ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి బయటపడుతుంది. పది నిమిషాలు చాలు. అమ్మనడిగి ఉంటే చెప్పేది.

లోపల సున్నం పొర గోరు మందాన ఉంది. ఐదు లీటర్ల వేడినీళ్ళకి 100 గ్రాముల నిమ్మ ఉప్పు, రెండు గంటలు ఉంచి పారబోయడం. ఇలా మూడు సార్లు. మూడోసారికి అడుగు కనిపించింది, అడుగున తగరం పూత లేదని కూడా కనిపించింది.

ఫిబ్రవరి 16

ఈ మూడు వారాలూ గీతలు చదవడంతోనే సరిపోయింది. పొట్ట మీద ముద్రలు వరసగా ఉన్నాయి కానీ తోమీ తోమీ అరిగిపోయాయి. ముద్ర మీద ముఖానికి రాసుకునే పౌడరు పులిమి, పైపైన తుడిచి, చీకట్లో టార్చి లైటు ఏటవాలుగా వేస్తే గుంటల్లో నిలిచిన పౌడరు అక్షరాలుగా కనబడుతుంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం కంటే ఇదే బాగా పనిచేసింది.

తయారీదారు పేరులో మొదలంతా పోయింది. చివర "ఓవ్" మాత్రం మిగిలింది. తూలాలో సగం మంది పేర్లు అలాగే ముగుస్తాయి. విశాఖలో "రావు" గారి ఇల్లెక్కడ అని అడిగినట్టుంది నా పరిస్థితి. కింద వరసలో "తూలాలో" అనే మాట స్పష్టంగా ఉంది. దాంతోనే కాలం కొంత తేలింది. ఆ మాట చివర ఉన్న అక్షరం, "ఓవ్" తర్వాత పలకకుండా ఊరికే రాసే అక్షరం, రెండూ పాత రష్యన్ రాతకి గుర్తులు. 1918 లిపి సంస్కరణతో మొదటిది పూర్తిగా పోయింది, రెండోదాన్ని మాటల చివర రాయడం మానేశారు. అరసున్నలు, బండి ఱలు చూసి పాత తెలుగు పుస్తకం ఏ కాలం నాటిదో మనం అంచనా వేయమూ, అలాగే.

ముద్రల్లో ప్రదర్శనల్లో గెలిచిన పతకాల బొమ్మలూ ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద రెండు తలల గద్ద ఉంది. జార్ల రాజచిహ్నాన్ని సరుకు మీద వేసుకునే హక్కు అఖిల రష్యా ప్రదర్శనల్లో పెద్ద బహుమతి కింద లెక్క. దాని పక్క పతకంలో 1896 అనే అంకె దొరికిన రాత్రి నిద్ర పట్టలేదు. అయితే తొందరపడకూడదు. ఆ రోజుల్లోనే లేని పతకాలు కొట్టుకున్న తయారీదారులు ఉండేవారు. బహుమతి నిజమో కాదో వదిలేస్తే, 1896 అని ముద్ర ఉన్న వస్తువు 1896కి ముందు తయారవదు కదా. పాత రాత వల్ల 1918 దాటి ఉండే అవకాశం తక్కువ. చివరి జార్ రెండవ నికోలస్ ఏలుబడి 1894 నుంచి 1917 వరకు. అంటే మా మేడ మీదున్నది దాదాపు ఖాయంగా ఆయన కాలం నాటిదే.

ఫిబ్రవరి 23

ఆ ఒక్క అంకె పట్టుకుని చదువుతూ పోతే వారం గడిచిపోయింది. ఇత్తడి పని ఏమీ జరగలేదు. 1896 ఎంత కిక్కిరిసిన సంవత్సరమో నాకు ముందు తెలియదు.

ఆ ఏడాది నీజ్నీ నొవ్‌గొరద్‌లో అఖిల రష్యా పారిశ్రామిక, కళా ప్రదర్శన జరిగింది. నా పతకం అక్కడిదే అయ్యుండాలి. వ్లదీమిర్ షూహొవ్ అనే ఇంజినీరు ఇనుప కడ్డీలతో బుట్ట అల్లినట్టు నీళ్ళ ట్యాంకు గోపురం కట్టి చూపించింది ఆ ప్రదర్శనలోనే. ఇక్కడి సింహాద్రి థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లకి నడుము సన్నగా ఉంటుంది చూడండి, ఆ ఆకారాల కుటుంబమే.

అదే ఏడాది మే నెలలో మాస్కోలో నికోలస్ పట్టాభిషేకం. వాళ్ళ పాత క్యాలెండరు ప్రకారం మే 18న, మన లెక్కలో 30న, హొదిన్కా మైదానంలో జనానికి కానుకల మూటలు పంచుతామన్నారు. మూటలో రొట్టె, సాసేజ్, తీపి, ఇంకా రాజదంపతుల పేర్ల గుర్తుతో, 1896 అంకెతో ఒక ఎనామెల్ కప్పు. నాలుగు లక్షల మూటలు సిద్ధం చేశారు. రాత్రి నుంచే జనం పోగయ్యారు. మైదానం నిండా పూడ్చని గోతులు. కానుకలు చాలవన్న పుకారు పుట్టి తొక్కిసలాట జరిగింది. అధికారిక లెక్క ప్రకారమే 1,389 మంది చనిపోయారు. ఆ రాత్రి ఫ్రెంచి రాయబారి ఇచ్చిన నాట్యవిందుకి జార్ వెళ్ళాడు, ఆ సంగతి జనం మరచిపోలేదు. టీ తాగే కప్పు కోసం వెళ్ళి పోయినవాళ్ళ గురించి చదివాక, నా సమోవార్ మీద అదే అంకెని పౌడరు పూసి చూసి మురిసిపోవడం కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

నవ్వొచ్చే కథ కూడా ఆ ఏడాదిదే ఒకటుంది. పట్టాభిషేకానికి చైనా తరఫున లీ హోంగ్‌జాంగ్ వస్తున్నాడని తెలిసి, సెర్గెయ్ పెర్లోవ్ అనే మాస్కో టీ వ్యాపారి మ్యాస్నీత్స్కయా వీధిలో తన భవనం ముఖభాగాన్ని చైనా వాటంలో డ్రాగన్లతో ముస్తాబు చేయించాడు. తీరా చూస్తే ఆ పెద్దమనిషి వ్యాపారంలో పోటీదారైన ఇంకో పెర్లోవ్ ఇంట్లో దిగాడు. ఆ భవనం ఇప్పటికీ టీ కొట్టుగానే ఉంది. లీ ఆ ప్రయాణంలోనే చేసిన రహస్య ఒప్పందంతో మంచూరియా గుండా రష్యా రైలుకి దారి దొరికింది. 1727లో రష్యా, చైనాల మధ్య కుదిరిన క్యాఖ్తా ఒప్పందం తర్వాత ఒంటెల మీద, బళ్ళ మీద నెలల తరబడి నడిచి వచ్చిన చైనా టీకి సూయజ్ కాలువ ఒక దెబ్బ, ఈ రైళ్ళు ఇంకో దెబ్బ.

టీ చవకయ్యేకొద్దీ సమోవార్ జమీందారు బల్ల మీద నుంచి రైతు గుడిసెకి దిగింది. గుడిసెలో ఉన్న విలువైన వస్తువు చాలాసార్లు అదొక్కటే. పన్ను బకాయి పడితే ముందు ఎత్తుకుపోయేదీ దాన్నే. శిస్తు కట్టలేదని బిందెలు, గుండిగలు జప్తు చేసిన కథలు మన ఊళ్ళల్లోనూ విన్నాం.

తూలా గురించి ఒక్క ముక్క. అది తుపాకుల ఊరు. అక్కడి ఆయుధ కర్మాగారం 1712లో మొదటి పీటర్ ఆజ్ఞతో మొదలైంది. 1778లో లిసీత్సిన్ సోదరులు సమోవార్లు చేయడం మొదలుపెట్టేసరికి లోహం పని తెలిసిన చేతులకి ఊళ్ళో కొదవ లేదు. "సొంత సమోవార్‌తో తూలాకి వెళ్ళరు" అని రష్యన్ సామెత. టాల్‌స్టాయ్ ఉన్న యాస్నయా పొల్యానా ఆ పక్కనే.

మార్చి 9

సీసం పరీక్ష. ఆన్‌లైన్‌లో పుల్లల కిట్ 900 పెట్టి తెప్పించాను. అడుగు అతుకు మీద రుద్దితే ఎర్రగా మారింది. పాత టంకంలో సీసం ఉంది. ఇక కళాయి వేయించకుండా, ఆ అతుకు మార్చకుండా చుక్క నీరు కూడా తాగేది లేదు.

కళాయి వేసేవాళ్ళు దొరకడమే కష్టమైంది. పూర్ణా మార్కెట్ పక్క సందుల్లో నలుగురిని అడిగితే ఐదో ఆయన దొరికాడు, డెబ్బై దాటిన మనిషి. తిప్పి తిప్పి చూసి, "ఏటి బాబూ ఇది, బాయిలరే గదా, పొట్టిది" అన్నాడు. అమ్మ మాటే. తర్వాత వేలితో కొట్టి శబ్దం విని, అడుగు, గొట్టం, కొళాయి అతుకులు మెత్తటి టంకంతో ఉన్నాయని చెప్పాడు.

చిక్కంతా అక్కడే. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం కలిసిన టంకం 183 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. లోపల తగరం పరుచుకునేంత వేడి చేస్తే అతుకులన్నీ ఊడొస్తాయి. నీళ్ళు పోయకుండా సమోవార్ రాజేస్తే పాడయ్యేది కూడా ఇందుకే. ఆయన తేల్చేసింది ఏమిటంటే, ఎలాగూ ఊడేదాన్ని మనమే ఊడదీద్దాం. అడుగు, గొట్టం, కొళాయి మూడూ విప్పి, పాత టంకం గోకి తీసేసి, నవసాగరం చల్లి, దూదితో తగరం తిప్పి పూసి, మళ్ళీ ఉత్త తగరంతోనే అతికాడు. రెండు రోజుల పని, 1,800 తీసుకున్నాడు. ఆ పనికి అది తక్కువే. గోకిన టంకం పొడి చేత్తో ముట్టుకోకుండా కవర్లో కట్టి పెట్టమన్నాను, ఆయన నవ్వాడు.

మార్చి 23

కళాయి అయింది, కొళాయి కాలేదు. ఈ రెండు మాటలతో ఇంట్లో వారం రోజులు గందరగోళం.

కొళాయిలో వాషర్ ఉండదు. కిందికి సన్నబడే ఇత్తడి బిరడా, దానికి అడ్డంగా బెజ్జం, తిప్పితే బెజ్జాలు ఎదురుపడతాయి. బిరడా, గూడు ఒకదానికొకటి అరిగిపోతే కారుతుంది. ఆటో విడిభాగాల షాపులో సన్నరకం వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ 90 రూపాయలకి కొని, బిరడాకి రాసి, ఇటూ అటూ పది నిమిషాలు తిప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ సబ్బుతో కడిగాను. నిమిషానికి ఇరవై చుక్కలు కారేది నాలుగుకి తగ్గింది. ఇంకా రుద్దాలని చెయ్యి లాగుతుంది కానీ ఆపాలి. ఎక్కువ అరగదీస్తే బిరడా కిందికి దిగిపోయి బెజ్జాలు కలవవు.

ఏప్రిల్ 6

ఏటికొప్పాక వెళ్ళి అంకుడు కర్రతో రెండు పిడులు, రెండు గుబ్బలు తిప్పించాను, 400. బొమ్మల మీద వేసే లక్క రంగు వద్దన్నాను, వేడికి లక్క మెత్తబడుతుంది. ఆయనకి రంగు లేని పని ఇవ్వడం నచ్చలేదు, ఒక్క గుబ్బకి సన్నటి ఎర్ర గీత గీసే ఇచ్చాడు. ఉండనిచ్చాను.

ఏప్రిల్ 13

రాజేశాం.

ముందు రెండు సార్లు నీళ్ళు మరిగించి పారబోశాను, పేస్ట్, నవసాగరం మిగిలి ఉంటే పోవాలని. మూడోసారికి టీ. క్రమం ఇది: ముందు నీళ్ళు, తర్వాతే నిప్పు. నాలుగున్నర లీటర్లు పోశాను. రష్యన్లు పైన్ కాయలు వేస్తారు, నేను సముద్రపొడ్డున ఏరిన ఎండు సరుగుడు కాయలు మూడు గుప్పిళ్ళు వేశాను. భలే అంటుకున్నాయి. పైన పావు కిలో బొగ్గులు. కొబ్బరి చిప్పలు కూడా వేసి చూశాను, జిడ్డు పొగ, మళ్ళీ వేయను. గొట్టం మీద రెండడుగుల స్టీలు పొగగొట్టం నిలబెట్టాను, 350. జింకు పూత ఉన్నది కొనకండి, వేడికి మంచిది కాదు. ఇదంతా మేడ మీద, బయటే. బొగ్గు నిప్పుని మూసిన గదిలో పెట్టకూడదు. నిప్పు మందగిస్తే రష్యాలో తోలు బూటుని గొట్టం మీద బోర్లించి కొలిమితిత్తిలా ఊదేవారు. నాకు తాటాకు విసనకర్ర సరిపోయింది.

5:40కి రాజేస్తే 6:11కి మరిగింది. మరిగే ముందు మూడు దశలంటారు, పాడుతుంది, హోరెత్తుతుంది, తెర్లుతుంది. ఆ పాట మాత్రం నిజం. సన్నగా, దోమ చెవి దగ్గర మూలిగినట్టు మొదలైంది.

టీ పద్ధతి మనకి కొత్తేం కాదు. చిన్న కుండలో చిక్కగా డికాషన్ దించి, గ్లాసులో ఒక అంగుళం పోసి, సమోవార్ నీళ్ళతో పల్చన చేసుకోవడం. కాఫీ డికాషన్ తెలిసినవాళ్ళం కదా. పాలు లేవు. పంచదార గడ్డ పంటి కింద పెట్టుకుని తాగడం అక్కడి పొదుపు పద్ధతి, నేను బెల్లం ముక్కతో తాగాను. మా ఆవిడ రెండు గుక్కలు తాగి వంటింట్లోకి వెళ్ళి పాలు తెచ్చుకుంది.

మొత్తం ఖర్చు, నిమ్మ ఉప్పు 120తో కలిపి, 10,160.

కొళాయి ఇంకా నిమిషానికి ఒక చుక్క కారుతోంది, కింద గిన్నె పెట్టాం. గొట్టం మీద డికాషన్ కుండ నిలిపే ఇత్తడి చట్రం కొన్ననాడే లేదు. బిందెల అంచు చుట్టే ఆయన ఒకరు తీగతో కట్టిస్తానన్నాడు, 7.5 సెంటీమీటర్ల వ్యాసం కొలత రాసిచ్చి వచ్చాను.