నల్ల కాగితం మీద పొట్టు

పలాసలో జీడిపప్పుకి పొట్టు తీసే పని నాది. పోయిన ఎండాకాలం నడుం చుట్టూ, లంగా బొందు పడే చోట దురద మొదలైంది. "జీడి రసం తగిలుంటుందే" అంది మా వదిన. జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు ఆ రసానికి పొక్కిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నేనూ నమ్మేశాను. నేను పిక్కలు కొట్టనని, నడుం మీదికి రసం రాదని అప్పుడు తట్టలేదు.

మందుల షాపులో ట్యూబు ఇచ్చారు. రాస్తే తగ్గేది, మానేస్తే ఇంకా పెద్దదయ్యేది. ఐదు నెలలు అలాగే గడిచాయి. ఎవరికైనా చూపించాలంటే సిగ్గు.

చివరికి శ్రీకాకుళం వెళ్లాను. ట్యూబు చూడగానే డాక్టరమ్మ, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. దురదని అణిచేసి ఫంగస్‌ని పెరగనిస్తుంది. మచ్చ రూపం మారిపోయింది, చూసి చెప్పలేను" అన్నారు. రెండు వారాలు ఏమీ రాయకుండా రమ్మన్నారు. ఆ రెండు వారాలూ నిద్ర లేదు.

ల్యాబులో అమ్మాయి స్పిరిట్‌తో తుడిచి, మచ్చ మధ్యలో కాకుండా ఎర్రటి అంచు మీద మొద్దు బ్లేడుతో గీకింది. ఫంగస్ బతికి పాకుతున్నది ఆ అంచులోనేనట. నొప్పేమీ లేదు. నల్ల కాగితం మీద తెల్లటి పొట్టు రాలింది. అందులో కొంచెం గాజు పలక మీద వేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పెట్టి మూసింది. చర్మంలోని కెరాటిన్ ఆ మందుకి కరిగిపోతుంది, ఫంగస్ కరగదు. ఇరవై నిమిషాలాగి మైక్రోస్కోపులో నన్నూ చూడమంది. సన్నటి దారాలు. మధ్యమధ్య అడ్డగోడలు, అక్కడక్కడా కొమ్మలు. ఐదు నెలలు నన్ను నిద్రపోనివ్వనిది అదే. ఏడుపొచ్చింది, భయంతో కాదు.

తామరే. ఆ రోజే ఫంగస్‌ని చంపే ఇట్రాకొనజోల్ మాత్రలు మొదలుపెట్టారు. మిగిలిన పొట్టుని ఫంగస్‌ని పెంచే సాబరాడ్ అగార్ అనే జెల్లీ మీద పెంచితే మూడు వారాలకి ట్రైకోఫైటాన్ అనే తామర ఫంగస్ అని తేలింది. ఇలా పెంచి చూడడానికి, అంటే కల్చర్‌కి, ఒక్కోసారి నాలుగు వారాలు కూడా పడుతుందట. స్లైడ్‌లో ఏమీ కనిపించకపోయినా తామర లేదని కాదు, మళ్లీ గీకాల్సి రావచ్చని కూడా ఆ అమ్మాయే చెప్పింది.

దురద పోయాక కూడా డాక్టరమ్మ చెప్పేదాకా మాత్రలు ఆపలేదు. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాను, తువ్వాలు విడిగా పెట్టుకున్నాను. నల్ల మచ్చ ఇంకా ఉంది, దురద లేదు.

పోయిన వారం మా పాప మెడ మీద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. ఏమీ రాయకుండా, మర్నాడు పొద్దున్నే దాన్ని తీసుకుని శ్రీకాకుళం బస్సెక్కాను.