మా డీటీపీ దుకాణంలో విండోస్ 11 నిర్ణయం

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గరలో మాకు చిన్న డీటీపీ దుకాణం, అంటే కంప్యూటరులో అక్షరాలు కూర్చి ముద్రణకు సిద్ధం చేసే దుకాణం, ఉంది. మా నాన్నగారు ప్రారంభించిన ఈ దుకాణంలో శుభలేఖలు, దినకార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు తయారు చేస్తాము. 2025 అక్టోబర్ 7న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగింది. ఆ పనుల అలసట తీరకముందే, సరిగ్గా వారానికి, అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు, అంటే ఉచితంగా భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ముగిసింది. గడువు సంగతి ముందే తెలిసినా, పండుగ పనుల్లో పడి నేను నిర్ణయాన్ని వాయిదా వేస్తూ వచ్చాను. తీరా కూర్చుని ఆలోచిస్తే, దుకాణంలో ఉన్న రెండు కంప్యూటర్లకూ ఒకే జవాబు సరిపోదని తేలింది.

కౌంటరు దగ్గరి కంప్యూటరు 2019లో కొన్నది. అందులో ఇంటెల్ 9వ తరం ప్రాసెసర్ ఉంది. ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లకే విండోస్ 11 అర్హత ఉంది కనుక నాకు ఇబ్బంది ఉండదనుకున్నాను. అయితే అర్హతను పరీక్షించే మైక్రోసాఫ్ట్ సాధనం పీసీ హెల్త్ చెక్ నడిపినప్పుడు టీపీఎం 2.0 లేదని చూపించింది. ఊళ్ళో ఒక సర్వీసు దుకాణంలో అడిగితే మదర్‌బోర్డు మార్చాలన్నారు. నిజానికి టీపీఎం అంటే రహస్య తాళపుచెవులను భద్రపరిచే ఏర్పాటు. ఇంటెల్ కంప్యూటర్లలో చాలావాటికి అది పీటీటీ అనే పేరుతో లోపలే ఉంటుంది, కాని కొన్ని మదర్‌బోర్డులలో దానిని ఆపి ఉంచుతారు. విండోస్ కన్నా ముందే తెరుచుకునే అమరికల తెర బయాస్‌లోకి వెళ్ళి పీటీటీని, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటరు మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్‌ను ఆన్ చేయగానే అదే కంప్యూటరు అర్హత పొందింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఇంత చిన్న విషయం తెలియక ఎంతమంది మంచి కంప్యూటర్లను పాత సామానుకు వేస్తున్నారో అని ఆ రోజు మనసుకు కష్టంగా అనిపించింది.

వెనుక గదిలోని రెండవ కంప్యూటరు కథ వేరు. అందులో 3వ తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్నాయి. మొదట దానిలో 32 బిట్ల, అంటే పాత రకం, విండోస్ 7 ఉండేది. 2016లో, ఉచిత గడువు ముగియకముందే, విండోస్ 10కు మార్చినా అది 32 బిట్లలోనే నిలిచిపోయింది. విండోస్ 11 64 బిట్లలో మాత్రమే వస్తుంది. 32 నుంచి 64కు నేరుగా మారే దారి లేదు. డిస్కు తుడిచి కొత్తగా వేసుకోవలసిందే. అర్హత లేని కంప్యూటర్లలో నిబంధనలను తప్పించి విండోస్ 11 వేసే చిట్కాలను పలువురు చెప్పారు గాని, అలాంటి వాటికి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పినప్పుడు, భద్రత కోసం మారి ఆ భద్రతనే వదులుకోవడం నాకు సమ్మతం కాలేదు.

అంతకన్నా పెద్ద కారణం ఆ కంప్యూటరులో ఉన్న అక్షరాలు. మా నాన్నగారు దాదాపు ఇరవై ఏళ్ళుగా పుటలను తీర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో కూర్చిన రెండు వేలకు పైగా ఫైళ్ళు అందులోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చినది 2001లో. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే నేటి పద్ధతి యూనికోడ్ దానికి తెలియదు. ఆ ఫైళ్ళలోని తెలుగు పాతకాలపు ఫాంట్లలో ఉంది. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులను ముక్కలుగా విడగొట్టి ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో పెట్టిన ఫాంట్లవి. ఫాంటు ఉన్నంతసేపు అది శుభలేఖ. ఫాంటు తీసివేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన అర్థంలేని వరస. కీబోర్డును నడిపే సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటరు వెనుక గుచ్చిన డాంగిల్, అంటే తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం, కావాలి, ఆ డాంగిల్‌కు మా దగ్గరున్నది 32 బిట్ల డ్రైవరు (పరికరాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్), 64 బిట్ల విండోస్ ఆ డ్రైవరును అంగీకరించదు. అంటే ఆ కంప్యూటరును మార్చడమంటే నాన్నగారి పనినంతటినీ దిద్దలేని స్థితికి తేవడమే.

అలాగని దానిని ఉన్నది ఉన్నట్లు ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచడమూ తప్పే. 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వాన్నాక్రై వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివారి కంప్యూటర్లలోకి, ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, నెట్‌వర్కు ద్వారా అది పాకింది. అందుచేత పాత కంప్యూటరుకు నెట్ తీగ పీకివేశాను, వైఫై తీయించాను. డిస్కు మొత్తాన్ని రెండు బయటి హార్డ్‌డిస్కులలోకి ఎక్కించి, ఒకటి ఇంట్లో ఉంచాను.

కౌంటరు కంప్యూటరును మాత్రం విండోస్ 11కు మార్చాను. మార్చిన తర్వాత పది రోజులలోపు పాతదానికి తిరిగి వెళ్ళే వీలుంటుంది కనుక, పని తక్కువగా ఉండే రోజులు చూసి మార్చి, ఆ పది రోజులలో ప్రింటరు, స్కానరు, బిల్లుల సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటిగా పరీక్షించాను. పాత స్కానరు ఒక్కటే మొండికేసింది. కొత్త డ్రైవరు వేశాక దారికొచ్చింది. విండోస్‌ను కొత్తగా వేసుకొనేవారు గౌతమి, వాణి అనే తెలుగు ఫాంట్లు కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ పేరుతో అవి దొరుకుతాయి. ఇంట్లో మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు అర్హత లేదు. గృహ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు అని ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్లలో దానిని చేర్చి ఊరుకున్నాము.

కొత్త పనినంతటినీ ఇప్పుడు యూనికోడ్‌లోనే చేస్తున్నాను. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు పేరుతో, మా విజయనగరం గురజాడ పేరుతో ఉచిత ఫాంట్లు ఉండటం ఈ ప్రాంతపు వాడిగా నాకు ప్రత్యేకమైన సంతోషం. పాత ఫైళ్ళను కన్వర్టరుతో కొద్దికొద్దిగా మారుస్తున్నాను గాని, ప్రతి పంక్తినీ కంటితో సరిచూడక తప్పడం లేదు. మా పాత ఫాంటులో క్రావడి (అక్షరం కింద వచ్చే ర వత్తు) కంటికి కనిపించినట్లే అక్షరానికి ముందు నమోదై ఉంటుంది. యూనికోడ్‌లో ఉచ్చారణ ప్రకారం తర్వాత రావాలి. ఈ తేడా వల్ల ఒక కార్డులో 'చంద్ర'లోని రేఫం జారి పక్క అక్షరానికి తగులుకుంది. పెళ్ళికొడుకు పేరులో అలాంటి తప్పు దొర్లితే ఆ కుటుంబం ముందు తలెత్తుకోలేము.

మొన్న బొండపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, మా పెద్దమ్మాయి కార్డు మీ నాన్న దగ్గరే కొట్టించాం, అది ఉందేటి?" అని అడిగారు. వెనుక గదిలో 2011 ఫోల్డరు తెరవగానే కార్డు దొరికింది. అదే నమూనాలో చిన్నమ్మాయి పేరు కూర్చి, పీడీఎఫ్ చేసి, ఆ పనికోసమే విడిగా పెట్టుకున్న పెన్‌డ్రైవ్‌లో కౌంటరు కంప్యూటరుకు తెచ్చి ప్రూఫు తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని, కులదైవం పేరు దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరమూ చదివారు.